ముందు గాలి దించి చూడు, టైర్లు తర్వాత మారుద్దువుగాని

ప్రశ్న: అన్నా, మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలం. సముద్రం వైపు రొయ్యల గుంటలున్నాయి. అత్తగారిది రాపూరు వైపు, వాళ్ళ నిమ్మతోట కూడా ఇప్పుడు నేనే చూసుకుంటున్నా. ఈ మధ్య 2021 మోడల్ థార్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. డీజిల్, ఫోర్ బై ఫోర్, 18 అంగుళాల చక్రాలు. పోయిన నెల గుంటల కాడ ఇసుకలో ఇరుసు దాకా దిగబడింది. ట్రాక్టర్ పిలిపించి లాగించేసరికి రాత్రి తొమ్మిదయింది, ఊళ్ళో అందరూ నవ్వారు. నెల్లూరులో ఒక షాపాయన 285/65 ఆర్18 మడ్ టైర్లు, బండిని రెండంగుళాలు లేపే లిఫ్టు, ఇనుప బంపరు, తాడుతో బండిని లాగే వించి, ఇంజనుకి పైనుంచి గాలి ఇచ్చే స్నార్కెల్, పైన లైట్ల బారు అన్నీ కలిపి మూడు లక్షల పదివేలు చెప్పాడు. మా ఆవిడ రూపాయి కూడా వద్దంటోంది. పెట్టించమంటారా? పెట్టిస్తే రోడ్డు మీద ఆపి ఫైన్ వేస్తారా?

సమాధానం: తమ్ముడూ, అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా. ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది: మీ ఆవిడ మాటే ముప్పాతిక వంతు నిజం. మిగిలిన పాతిక వంతుకి ఖర్చు పెట్టాల్సిందే. అది దేనికో చెప్తా.

నీ ఉత్తరం రెండుసార్లు చదివా. దిగబడిన రోజు సంగతి అంత వివరంగా రాసినవాడివి, టైర్లలో గాలి ఎంత ఉందో రాయలేదు. గేరు పక్కన, రెండు చక్రాలా నాలుగు చక్రాలా అని మార్చే పొట్టి లివరు ఎక్కడుందో కూడా రాయలేదు. నాకు తెలిసి జరిగింది ఇది: పెట్రోలు బంకులో కుర్రాడు గాలి 35 పీఎస్ఐ పెట్టాడు, నువ్వు టూ హైలోనే, అంటే వెనక రెండు చక్రాలకే శక్తి పోతుండగా, ఇసుకలోకి దిగావు, చక్రం తిరిగిపోతుంటే ఇంకాస్త యాక్సిలరేటర్ తొక్కావు. అంతే, చక్రం తన గొయ్యి తానే తవ్వుకుంది. ఇది తప్పయితే నన్ను తిట్టుకో. నిజమైతే మాత్రం ఆ మూడు లక్షల సామాను బిగించినా నువ్వు అక్కడే దిగబడేవాడివి. పైగా మడ్ టైరు గట్లు పార మాదిరి పనిచేస్తాయి, ఇసుకని ఇంకా తొందరగా తోడి పోస్తాయి.

ఈసారి పెన్న వైపు పోయినప్పుడు ఒక పని చెయ్యి. పొడి ఇసుకలో పిడికిలి బిగించి గుచ్చు. మణికట్టు దాకా పోతుంది. అదే చోట అరచెయ్యి పరిచి, అంతే బరువు వెయ్యి. నిలబడుతుంది. గాలి దించినప్పుడు టైరు చేసేది ఇదే. నేలకి ఆనే భాగం పొడవుగా సాగి, అదే బరువు ఎక్కువ చోటు మీద పరుచుకుంటుంది.

నీ గుంటల కాడికి లెక్క ఇట్టా పెట్టుకో. తారు రోడ్డు దిగగానే ఆపి, నాలుగు టైర్లూ 18కి దించు. లివరు ఫోర్ హైలోకి వెయ్యి, అంటే నాలుగు చక్రాలకీ శక్తి పోయేట్టు. ఇసుకలోకి దిగాక కాదు, దిగకముందే. ఒకే ఊపున, తొందర లేకుండా పో. మధ్యలో ఆగాల్సొస్తే బ్రేకు తొక్కకు, కాలు తీసేస్తే బండి తనే ఆగుతుంది. బ్రేకు తొక్కితే చక్రాల ముందు ఇసుక గట్టు లేస్తుంది, మళ్ళీ కదిలేటప్పుడు దాన్ని ఎక్కాలి. అప్పటికీ దిగబడితే ఒక్కసారి కూడా గట్టిగా తొక్కకుండా కిందికి దిగి, చక్రాల ముందు ఇసుక తీసి, గాలి 15కి దించి, వచ్చిన గాడిలోనే వెనక్కి రా. పన్నెండూ పదీ అంటూ ఇంకా కిందికి పోవద్దు. గాలి అంత తక్కువుండగా స్టీరింగ్ గట్టిగా తిప్పితే టైరు అంచు రిమ్ము మీంచి ఊడొస్తుంది. అది ఊడితే ఆ రాత్రి ట్రాక్టరు కూడా నిన్ను కాపాడలేదు.

తిరిగి తారెక్కగానే గాలి నింపాలి. ఇక్కడ బద్ధకం పనికిరాదు. రోహిణి కార్తెలో మన హైవే ఎట్టా ఉంటుందో నీకు చెప్పాలా. గాలి తక్కువున్న టైరు పక్క గోడ ప్రతి చుట్టుకీ మడిచి విప్పినట్టవుతుంది, ఆ మడతలో వేడి పుడుతుంది, పైన ఎండ, కింద తారు, బండి వందలో పోతుంటే పేలుతుంది. రోడ్డు మీద ఎంత గాలుండాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసుంటుంది. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉండగా చూసిన లెక్కే లెక్క. ఫోర్ హై కూడా తారు మీద తీసెయ్యి. ఈ బండికి ముందు వెనక ఇరుసుల మధ్య తేడాని సర్దే డిఫరెన్షియల్ లేదు. గట్టి రోడ్డు మీద మలుపుల్లో లోపలి సామాను ఒకదాన్నొకటి మెలితిప్పుకుంటుంది.

అందుకని నీ మొదటి ఖర్చు మంచి కంప్రెసరు. సిగరెట్ లైటర్‌కి తగిలించేది వద్దు, ఫ్యూజు కొట్టేస్తుంది. బ్యాటరీకి నేరుగా క్లిప్పులు పెట్టేది తీసుకో, ఇంజను ఆన్‌లో ఉంచి వాడు. దాంతో పాటు చేతి గాలి మీటరు ఒకటి. మీ ఆవిడ ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా ఇవి కొను.

ఇక టైర్లు. నీ ఉత్తరంలో రెండు నేలలున్నాయి, అవి రెండూ ఒకదానికొకటి సరిపడవు. గుంటల కాడ ఇసుక, తడిస్తే జిగట. రాపూరు వైపు గులకరాళ్ళు, ముళ్ళు. నిమ్మముల్లు సంగతి నీకే బాగా తెలుసు. దారి పొడుగునా చిల్లచెట్లు, అదే సర్కారు తుమ్మ. ఆ ముల్లు టైరు నడినెత్తిన దిగితే పంక్చరు కిట్టుతో పది నిమిషాల పని. పక్క గోడలో దిగితే దానికి అతుకు వెయ్యకూడదు, టైరు పోయినట్టే. గాలి దించితే పక్క గోడలు బయటికి ఉబ్బుతాయి, ముల్లుకి ఎదురుపోయి నిలబడ్డట్టే. అందుకని ఇసుకలో 18 అని చెప్పింది తోటలో చెయ్యొద్దు. అక్కడ రోడ్డు గాలికి నాలుగైదు తక్కువ, అంతే.

నీ బండికి కంపెనీ ఇచ్చిన సైజు 255/65 ఆర్18. 255 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65. 18 అంటే రిమ్ము అంగుళాల్లో. లెక్కేస్తే టైరు మొత్తం ఎత్తు 789 మిల్లీమీటర్లు. షాపాయన చెప్పిన 285/65 ఎత్తు 828. తేడా 39, అందులో బండి కింద నీకు దక్కేది సగం, రెండు సెంటీమీటర్లు కూడా పూర్తిగా లేదు. దానికి బదులు ఏం పోతుందో చూడు. టైరు అయిదు శాతం పెద్దదయింది కాబట్టి ఇప్పుడు మీటరు సరిగ్గా చూపిస్తుందనుకున్నా, రేపు అది 80 అన్నప్పుడు బండి 84లో ఉంటుంది. గేర్లన్నీ ఒక మెట్టు బరువెక్కినట్టుంటాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల రాసుకుంటుంది. రాసుకుంటుంది కాబట్టి లిఫ్టు కావాలి. లిఫ్టు చేస్తే ఇంకోటి కావాలి. షాపువాళ్ళ బేరం ఎప్పుడూ ఇట్టాగే నడుస్తుంది, ఒక వస్తువు తెచ్చిన జబ్బుకి ఇంకో వస్తువు మందు. మడ్ టైర్లు వర్షంలో తారు మీద పట్టు తక్కువ, అది మర్చిపోవద్దు. మనకి వానంటే అక్టోబరు నుంచి డిసెంబరు, తుపాను దిగినప్పుడు హైవే మీద నీళ్ళు నిలుస్తాయి. నువ్వు నెలలో ఇసుకలో తిరిగేది ఎన్ని గంటలు, హైవే మీద తిరిగేది ఎన్ని గంటలు, ఒక కాయితం మీద రాసుకో.

జిగట మట్టిలో మడ్ టైరు గొప్పదే, కాదనను. దాని గట్ల మధ్య సందులు పెద్దవి, తిరిగేకొద్దీ మట్టి విదిలించుకుంటుంది. అన్ని నేలలకీ వాడే ఏటీ టైరు సందులు మట్టితో నిండిపోయి నున్నటి గుండు మాదిరి తయారవుతుంది. కానీ తడిసిన గుంట కట్ట మీద నీకు భయం దిగబడ్డం కాదు, పక్కకి జారి గుంటలో పడ్డం. దానికి ఏ టైరూ మందు కాదు. వాన పడిన రోజు బండి తారు రోడ్డు మీద పెట్టి, మేత బస్తాలు ట్రాక్టరు మీద వేసుకుపో.

కాబట్టి నా మాట: అదే 255/65 ఆర్18లో, పక్క గోడ గట్టిగా ఉన్న మంచి ఏటీ టైర్లు నాలుగు కాదు, అయిదు. స్టెప్నీ అరిగిపోయిన పాతదయితే, అవసరం వచ్చిన రోజు ఒక చక్రం చిన్నది ఒకటి పెద్దది పెట్టుకుని ఫోర్ వీల్‌లో తిరగలేవు. టైరు ఎంత బరువు మొయ్యగలదో చెప్పే లోడ్ నంబరు కంపెనీ టైరు మీద ఉన్నదానికి తక్కువ కాకూడదు. కొనేటప్పుడు టైరు పక్కన డీఓటీ అని మొదలయ్యే వరస చూడు. చివర నాలుగు అంకెలుంటాయి, 2325 అంటే 2025లో 23వ వారం తయారయిందని. నేనొకసారి ఈ అంకెలు చూడకుండా ఒక షాపులో కొత్త టైర్లని నాలుగేళ్ళ పాతవి కొనుక్కొచ్చా. నల్లటి పాలిషు కొట్టి మెరిపించి ఇచ్చాడు. రెండో ఎండాకాలానికి గట్ల మధ్య జుట్టుపోగంత పగుళ్ళు వచ్చాయి. అప్పుడు పోయి అడిగితే వాడే నాకు ఆ అంకెలు చదవడం నేర్పించాడు, అదీ నవ్వుతూ. ఇంకో మాట, నీ ఇప్పటి టైర్లు సగం కూడా అరక్కపోతే అవి అరిగేదాకా ఆగు. గాలి దించడం వాటితోనే నేర్చుకో.

లిఫ్టు సంగతికొస్తే నాది కాస్త చేదు అనుభవం. చాన్నాళ్ళ కిందట నాకొక పాత జిప్సీ ఉండేది. కమాను పట్టీల బండి. పట్టీల చివర ఉండే షాకిళ్ళు పొడవువి వేస్తే రెండంగుళాలు లేస్తుందని ఒక గ్యారేజీలో అంటే వేయించా. లేచింది, చూడ్డానికి కోడిపుంజు మాదిరి నిలబడింది. మర్నాడు కావలి పోతూ లారీని దాటబోయా. స్టీరింగ్ చేతిలో ఉన్నట్టే ఉంది, బండి మాత్రం తన దారిన తను పోతోంది. నేను కుడికి కొంచెం తిప్పితే అది ఎక్కువ పోతుంది, సర్దబోతే ఎడమకి పోతుంది. లారీ వెనక చక్రం నట్లు లెక్కపెట్టగలిగేంత దగ్గరికి పోయి వచ్చా. షాకిలు పొడవయ్యేసరికి ముందు ఇరుసు తల ముందుకి వాలింది. మలుపు తర్వాత స్టీరింగ్ తనంత తాను నడిమికి వచ్చేది ఆ వాలు సరిగ్గా ఉన్నప్పుడే. దాన్ని క్యాస్టర్ అంటారని కూడా నాకప్పటికి తెలీదు. వారంలో పాత షాకిళ్ళు మళ్ళీ వేయించా.

నీ థార్‌కి కమాను పట్టీలు లేవు, దాని జబ్బు వేరు. ముందు రెండు చక్రాలూ దేనికది విడిగా ఆడతాయి, వెనక మాత్రం ఒకటే ఇరుసు. స్ప్రింగు మీద దిమ్మ పెట్టి ముందుని రెండంగుళాలు లేపితే, ఇంజను శక్తిని ముందు చక్రాలకి తీసుకుపోయే యాక్సిళ్ళు ఎప్పుడూ ఏటవాలుగానే తిరుగుతాయి. వాటి కీళ్ళ మీద ఉండే రబ్బరు తొడుగులు తొందరగా చిరుగుతాయి. చిరిగాక లోపలికి పోయేది మామూలు దుమ్ము కాదు, నీ గుంటల కాడి ఉప్పు ఇసుక. చక్రం కిందికి దిగే ఆట కూడా తగ్గుతుంది. ఇంకోటి జనానికి తట్టదు: లిఫ్టుతో లేచేది పైన బాడీ. వెనక ఇరుసు మధ్య ఉబ్బుగా ఉండే డిఫరెన్షియల్ నేలకి ఎంత ఎత్తులో ఉందో అంతే ఉంటుంది. రాయికి ముందు తగిలేది అదే. దాన్ని లేపగలిగేది పెద్ద టైరొక్కటే. కంపెనీ నుంచి వచ్చినప్పుడే నీ బండి నేలకి 226 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది. నిమ్మతోట దారికి అది చాలు, చాలకపోతే ఆ దారిలో రెండు ట్రక్కుల గ్రావెల్ తోలించడం లిఫ్టుకన్నా చవక.

పోలీసులు, ఫైన్ల సంగతి అడిగావు. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపం నుంచి బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడు చట్టం సవరించాక 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి అయిదు వేల ఫైను, ఆర్నెల్ల దాకా జైలు కూడా వెయ్యొచ్చు. ఇనుప బంపరుకైతే 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ విడిగా వద్దని చెప్పింది. ఇది ఫైనుతో పోయే సంగతి కాదు. గుద్దుకున్నప్పుడు ముందు భాగం ఎంత నలగాలి, ఎయిర్‌బ్యాగు ఎప్పుడు విప్పుకోవాలి అన్నది కంపెనీ ముందే లెక్క వేసి పెట్టింది. ముందు ఇనుప కడ్డీ బిగిస్తే ఆ లెక్క చెడుతుంది. నడిచిపోయే మనిషికి తగిలితే అది గునపమే. ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున నీకు అడ్డం తిరుగుతుంది. కంపెనీ సైజులోనే ఏటీ టైర్లు మార్చుకుంటే ఈ గొడవలేవీ లేవు.

స్నార్కెల్ వద్దు. ఈ థార్ 650 మిల్లీమీటర్ల నీళ్ళలో పోగలదని కంపెనీయే చెప్తుంది, అంటే మోకాలు దాటి. అంతకన్నా లోతు కాలవలోకి నువ్వెందుకు దిగాలి? స్నార్కెల్ ఇంజనుకి గాలి పైనుంచి ఇస్తుంది, అంతే. నీకు నీళ్ళ భయం కిందనుంచి. దూరం నడిచి వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లటి నీళ్ళలో దిగితే లోపలి గాలి కుంచించుకుంటుంది. దానికి ఊపిరి తీసుకునే చిన్న గొట్టం ఒకటుంటుంది, అది మట్టితో మూసుకుపోయి ఉంటే సీళ్ళ సందుల్లోంచి నీళ్ళు లాక్కుంటుంది. లోతు నీళ్ళలో తిరిగిన వారంలో మెకానిక్‌తో కింద బోల్టు విప్పించి ఆయిలు చూడమను. పాలు పోసిన టీ రంగులో ఉంటే వెంటనే మార్పించు.

ఉప్పు నీళ్ళ గుంటల కాడ తిరిగే బండికి అసలు శత్రువు తుప్పు. ఇది మాత్రం ఖర్చు పెట్టాల్సిన చోటు. గుంటల నుంచి వచ్చిన రోజు కింద భాగం మంచినీళ్ళతో కడిగించు. చక్రాల తొట్ల లోపల, ఛాసిస్ సందుల్లో, బ్రేకు డిస్కుల మీద. గుంట నీళ్ళ మోటారుతోనే కడిగేవాళ్ళని చూశా, అది ఉప్పు రాసి రుద్దడమే. సెకండ్ హ్యాండ్ బండి అంటున్నావు కాబట్టి ఒకసారి గ్యారేజీలో బండిని పైకెత్తించి ఛాసిస్ చూసుకుని, తుప్పున్న చోట గీకించి, ఆ తర్వాతే కోటింగు వేయించు. తుప్పు మీదే నల్ల రంగు పూసి పంపితే లోపల అది పని చేసుకుంటూనే ఉంటుంది.

వించి గురించి ఒక్కటే అడుగుతా. నీ గుంటల కట్ట మీద దాని తాడు దేనికి కడతావు? ఏరియేటర్ల కరెంటు స్తంభానికా? కనుచూపు మేరలో చెట్టు లేని చోట వించి ముందుకి నలభై కిలోల బరువు, అంతే. దాని బదులు సాగే నైలాను రికవరీ తాడు ఒకటి, మొయ్యగల బరువు రాసున్న డి షాకిళ్ళు, అంటే తాడు తగిలించే ఇనుప కొలుకులు, రెండు కొను. ట్రాక్టరాయన గొలుసు తెచ్చి బంపరుకో స్టీరింగు రాడ్డుకో చుట్టనియ్యకు, కంపెనీ ఇచ్చిన కొక్కేలకే తగిలించు. తాడు మధ్యలో తడి గోనెసంచి వేస్తే, తెగినా అది మొహానికి లేవకుండా కిందికి పడుతుంది. జనాన్ని తాడు పొడవుకన్నా దూరంగా నిలబెట్టు. నవ్వేవాళ్ళనైతే మరీ దూరంగా. చిన్న పార, జాకీ కింద పెట్టడానికి అడుగున్నర ప్లైవుడ్డు ముక్క కూడా వెనక పడేసుకో, ఇసుకలో జాకీ లేపదు, తనే దిగుతుంది. చక్రాల కింద వెయ్యడానికి అమ్మే ప్లాస్టిక్ పలకలు మంచివే గానీ, మన వైపు తాటిమట్టలకి కరువా?

పైన లైట్ల బారు ఎదుటివాళ్ళ కళ్ళలో పొడుస్తుంది. రాత్రి మేత వేసేటప్పుడు వెలుగు కావాలంటే, వెనక తలుపు దగ్గర చిన్న వర్క్ లైటు విడి స్విచ్చితో పెట్టించుకో, రోడ్డెక్కితే ఆపేసెయ్యి.

అడక్కపోయినా ఒకటి చెప్పాలి. ఇసుకలో నడపడం వచ్చాక నీ మనసు ఇసకపల్లి బీచి వైపు లాగుతుంది. జనవరి నుంచి వేసవి మొదలు దాకా మన తీరంలో తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. టైరు గాడి మనకి జానెడు, అరచేతిలో సగం లేని తాబేలు పిల్లకి అది దాటలేని కందకం. ఆ నెలల్లో బీచి మీదికి బండి దించకు. స్నేహితులు నల్లమల అంటే కూడా అడవి శాఖ అనుమతి ఉన్న దారుల్లోనే. అది పులుల అడవి, అక్కడ 1972 వన్యప్రాణి చట్టం ముందు నీ టైరు సైజు ఎవరూ అడగరు.

మూడు లక్షల పదివేలు అట్టే పెట్టు. కంప్రెసరు, తాడు, కింద కోటింగు ఇప్పుడు చేయించు. ఆర్నెల్లు గుంటలకీ తోటకీ తిరుగు. తర్వాత బండి కింద పడుకుని గీతలు ఎక్కడ పడ్డాయో ఫోటోలు తీసి పంపు. గీతలు వెనక డిఫరెన్షియల్ మీదే ఉంటే ఒక సైజు పెద్ద టైరు సంగతి మాట్లాడదాం, అది కూడా 265/65 దాటకుండా. నడిమి భాగంలో ఉంటే అడుగున ఇనుప పలక చాలు. ఎక్కడా లేకపోతే ఆ ఫోటోలు మీ ఆవిడకి చూపించు.